మెక్సికో దేవాలయ ప్రాంగణములలో



ఈ సభలో మమ్ములను మాట్లాడమన్నది మేము చరిత్ర చదివిన పండితులమని కాదు. మెక్సికో దేశము చూచి వచ్చినామని మాత్రమే. మా అల్లుడికి ఆ దేశపు రాజధానిలో ఉద్యోగము. అమ్మాయికి పురుడు పోయుటకు వెళ్ళి రెండు నెలలు అక్కడ ఉన్నాము. మొదటి నెల అంతయు వంటింటికి, ఉయ్యాలకు మధ్యనే గడచినది. ఆ తరువాత మా వియ్యపురాలుగారు కూడ వచ్చి చేరినారు గనుక మాకు కొంచెము తీరిక చిక్కినది. అప్పుడు వారమునకొక దినము, తెల్లవారగనే బయలుదేరి చీకటి పడువేళకు ఇల్లు చేరునట్లు, చుట్టుప్రక్కలనున్న పాత ఊళ్ళు చూచి వచ్చినాము. అట్టివి నాలుగు ప్రయాణములు. అమ్మాయి ఇంటి ప్రక్కనుండే ఒక పెద్దావిడ, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు, అన్నిటికి మాతో వచ్చినది. ఆమెకు కొద్దిగా ఇంగ్లీషు వచ్చును. మాకు స్పానిషు ఒక్క ముక్క రాదు. అయినను జపమాల చెప్పుకొనునప్పుడు ఏ మాట ఎక్కడ వచ్చునో ఇద్దరికి తెలియును గనుక మా స్నేహము అక్కడ కుదిరినది.

గ్వాదలూపె మాత పుణ్యక్షేత్రమును గురించి మీలో చాలామంది విని ఉన్నారు. దానిని గురించి వేరొకప్పుడు చెప్పుకొందము. ఈ దినము చిన్న ఊళ్ళ సంగతి.

ముందు చరిత్ర రెండు ముక్కలు. 1519లో హెర్నాన్ కోర్తేస్ అను స్పెయిను సేనాని కొద్దివందలమంది సైనికులతో ఆ తీరమున దిగినాడు. అజ్తెకులకు పన్నులు కట్టి విసిగిన స్థానిక రాజ్యములు కొన్ని అతనితో చేతులు కలిపినవి. 1521 ఆగస్టు 13న అజ్తెకుల రాజధాని పడిపోయినది. మూడు సంవత్సరములకు, 1524లో, పునీత ఫ్రాన్సిస్ సభకు చెందిన పన్నెండుమంది మఠవాసులు కాలినడకన ఆ నగరము చేరినారు. వారిలో తోరీబియో అను ఒకాయన ఉన్నాడు. మాసిన అంగీలతో నడచి వచ్చుచున్న వీరిని చూచి దారిలో ప్రజలు "మొతొలినియా" అనుకొనుచుండిరట. అర్థమేమని అడిగిన, బీదవాడు అని చెప్పినారు. ఆయన ఆ మాటనే తన పేరుగా పెట్టుకొని మరణము వరకు ఆ పేరుతోనే పిలువబడినాడు. ఇట్టివారు ఆ దేశమునకు వచ్చినది నిజము. వారికంటె ముందు కత్తి వచ్చినదియు నిజమే. ఆ ఊళ్ళలో ఏ గుడి ముందు నిలబడినను ఈ రెండు నిజములు కలిసియే మన ఎదుట నిలుచును. మొదట మాకిది అర్థము కాలేదు. గుళ్ళు చూచుటకు వెళ్ళినాము, అంతే.

మొదటి ప్రయాణము దగ్గరిదే. రాజధానికి ఉత్తరముగ 40 కిలోమీటర్ల దూరములో తెపొత్సొత్లాన్ అను ఊరు. అక్కడి పెద్ద దేవాలయము మన పునీత ఫ్రాన్సిస్ శౌరిగారిది. గోవాలో ఆయన శరీరమును దర్శించుకొని వచ్చినవారు ఈ సభలో ఎంతోమంది ఉన్నారు. అంతదూరములో, వేరొక ఖండములో ఆయన పేరు కనబడగనే మాకు కలిగిన సంతోషము చెప్పనలవి కాదు. ముఖద్వారపు రాతిపని 1760ల నాటిది. జానెడు చోటు కూడ ఖాళీ విడువక చెక్కినారు. లోపల బలిపీఠములన్నియు బంగారు పూత. యేసుసభ గురువులు అక్కడ ఒతొమి, నావాత్ల్ అను స్థానిక భాషలు నేర్చుకొని, ఆ తరువాత పల్లెలకు వెళ్ళెడివారు. 18వ శతాబ్దములో అదే సభ గురువులు మన దేశములో తెలుగు నేర్చుకొని జ్ఞానోపదేశ గ్రంథములు వ్రాసినది మీకు తెలిసినదే. 1767లో స్పెయిను రాజు ఆ సభవారిని తన రాజ్యములన్నిటి నుండి వెళ్ళగొట్టినాడు. ఇప్పుడు ఆ గుడి ఒక మ్యూజియము, 1964లో తెరచినారు. లోపలికి పోవుటకు టికెట్టు. అలవాటు చొప్పున వ్రేలు తీర్థపు తొట్టిలో పెట్టినాము. ఎండిపోయి ఉన్నది.

ఇంకొక సంగతి అక్కడనే తెలిసినది. మెక్సికోలో పాత దేవాలయముల భవనములు సంఘమునకు చెందవు. దేశమునకు చెందును. 19వ శతాబ్దములో జరిగిన సంస్కరణల వలన, 1917 రాజ్యాంగము వలన అట్లు ఏర్పడినది. గురువులకు ఓటు హక్కు కూడ 1992 వరకు లేదు. అంతటి కథోలిక దేశములో ఇట్లు ఎందుకు జరిగినదని మేము ఆమెను అడిగినాము. ఆమె తిరిగి మమ్ములను అడిగినది: "పూర్వము సంఘమునకు ఇక్కడ ఎంత భూమి ఉండెడిదో మీకు తెలుసునా?" మాకు తెలియదు. మౌనముగ ఉన్నాము.

రెండవ వారము క్వెర్నవాకా వెళ్ళినాము. దక్షిణముగ 85 కిలోమీటర్లు. బస్సు మొదట 3,000 మీటర్ల ఎత్తు వరకు చలిలో ఎక్కి, అక్కడి నుండి మెలికలు తిరుగుచు వెచ్చని పల్లమునకు దిగును. ప్రహరీల మీదనెల్ల మన కాగితపు పూలే. అక్కడి ప్రధాన దేవాలయము ఒకప్పుడు ఫ్రాన్సిస్కను మఠము. పొపొకతేపెత్ల్ అగ్నిపర్వతపు వాలులలో 16వ శతాబ్దమున కట్టిన మఠములలో 14 కలిపి యునెస్కోవారు 1994లో ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చినారు. 2021లో త్లస్కాలా మఠము కూడ చేరినది. క్వెర్నవాకా వాటిలో ఒకటి.

ఆ ప్రాంగణములో గుడి ప్రక్కనే ఒక విచిత్రమైన కట్టడము ఉన్నది. పైకప్పు ఉన్నది, లోపల బలిపీఠమునకు చోటు ఉన్నది, కాని ముందువైపు గోడ లేదు. పెద్ద కమానులు తెరచి ఉన్నవి. దీనిని తెరచిన గుడి అందురు. గురువు నీడలో పూజ చేయును, ప్రజలు ఎదుట బయలులో నిలిచి పూజలో పాల్గొందురు. ఆ దేశములో 16వ శతాబ్దపు మఠములు చాలవాటికి ఇట్టిది ఉన్నది. జ్ఞానస్నానము పొందినవారు వేలకొలది, గుళ్ళు ఇంకను కట్టుచునే ఉన్నారు, ఇది ఒక కారణము. ఆ ప్రజల పూర్వపు ఆరాధన ఆకాశము క్రిందనే జరిగెడిది గనుక వారికి బయలే అలవాటు, ఇది రెండవ కారణము. పుస్తకములలో ఈ రెండును చెప్పుదురు. రెండును నిజమే అయి ఉండవచ్చును. కాని మేము ఆ కమానుల ముందు, ఎండలో, వారు నిలిచిన చోట కొంతసేపు నిలిచినాము. మా ఇద్దరికి ఒకే సంగతి జ్ఞాపకము వచ్చినది. ఒకరికొకరము చెప్పుకొనలేదు. అది తరువాత చెప్పెదము.

గుడి లోపల మాకొక ఆశ్చర్యము కాచుకొని ఉన్నది. 1952 నుండి 1982 వరకు అక్కడ మేత్రాణులుగా ఉన్న సెర్హియో మెందెస్ అర్సెయోగారు 1950ల చివర గుడిని మరమ్మతు చేయించినప్పుడు, గోడల సున్నము క్రింద పాత చిత్రములు బయటపడినవి. రెండు ప్రక్కల గోడల నిండ సముద్రము, పడవలు, బండ్లు, ఈటెలు పట్టిన భటులు, సిలువల వరుస. 1597 ఫిబ్రవరి 5న జపాను దేశపు నాగసాకిలో సిలువ వేయబడిన 26 మంది వేదసాక్షుల కథ అది. వారిలో ఒకరు మెక్సికోలో పుట్టిన ఫెలిపె దె హెసూస్. మనీలా నుండి గురుపట్టమునకు స్వదేశము వెళ్ళుచుండగా తుఫానులో ఓడ జపాను తీరమునకు కొట్టుకొనిపోయినది. అందుచేత మెక్సికోవారికి ఆ చిత్రము ప్రాణము.

మనకు కూడ అది పరాయిది కాదు. ఆ 26 మందిలో గొన్సాలో గార్సియాగారు ఉన్నారు. బొంబాయికి ఉత్తరమున వసయిలో పుట్టినవాడు, తల్లి మన దేశస్థురాలు. మన దేశములో పుట్టినవారిలో పునీతుడుగా ప్రకటింపబడిన మొదటివాడు ఆయన. ఆయనకు, ఫెలిపెగారికి ఆ గౌరవము ఒకే దినమున, 1862లో లభించినది. మేము గోడ వెంట ఆ చివరి నుండి ఈ చివరకు రెండుసార్లు నడచినాము. సిలువల మీదివారు చాలమంది ఒకే తీరు అంగీలలో ఉన్నారు. మనవాడు ఎవరో గుర్తుపట్టలేకపోయినాము. కొన్నిచోట్ల రంగు రాలిపోయినది. చివరకు ఏ ముఖమైతేనేమని ఆ వరుస అంతటికి కలిపి దణ్ణము పెట్టుకొని వచ్చినాము. పెద్దావిడకు గొన్సాలోగారి సంగతి అంతకుముందు తెలియదట. తిరుగు ప్రయాణములో ఆ పేరు మాచేత పలికించి కాగితము మీద వ్రాసికొన్నది.

మూడవది పుయెబ్లా. తూర్పుగ 130 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటలు. దారిలో పొపొకతేపెత్ల్ కనబడును. 5,400 మీటర్లకు పైబడిన ఎత్తు, నెత్తిన మంచు, 1994 నుండి మరల పొగ చిమ్ముచున్నది. ఊరు 1531లో స్పెయినువారి నివాసము కొరకు కట్టినది. కట్టినవారు మాత్రము త్లస్కాలా, చొలూలా, వెహోత్సింగో నుండి రప్పించిన స్థానికులు. వీధులు చదరంగపు పలకవలె తిన్నగ ఉన్నవి. ఇండ్ల గోడలకు రంగుల పెంకులు. 1646లో హువాన్ దె పలాఫోక్స్ మేత్రాణులు తన స్వంత గ్రంథములు 5,000 దానమిచ్చి ఒక గ్రంథాలయము నెలకొల్పినారు. ఆ గ్రంథములు చదువ వచ్చిన ఎవరికైనను అందుబాటులో ఉండవలెనని ఆయన నియమము. కొయ్య బీరువాల వరుసలతో అది ఇప్పటికిని ఉన్నది.

తిండి సంగతి చెప్పకపోయిన మావారు ఊరుకొనరు. మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి, రుబ్బి, చేతితో తట్టి పెనము మీద కాల్చిన రొట్టె వారికి మన అన్నము వంటిది. పాత ఇండ్లలో నూరుడు బండ మన దాని వంటిదే, మూడు కాళ్ళు మాత్రము అదనము. మిరప మొదట ఆ దేశపుదే. పోర్చుగీసువారి ఓడలలో మన దేశము చేరి మన గుంటూరునకు పేరు తెచ్చినది. పుయెబ్లాలో ఎండుమిరప, చాక్లెటు కలిపి మోలె అని ఒక పులుసు చేయుదురు. అది ఒక మఠములో కన్యలు మొదట వండినదని చెప్పుకొందురు. మాకు రెండవ ముద్దకు గాని రుచి పట్టుబడలేదు.

ఆ ఊరిలో మేము వెదకినది ఒక సమాధి. యేసుసభవారి గుడిలో కతరీనా దె సాన్ హువాన్ అను స్త్రీని సమాధి చేసినారు. ఆమె మన దేశపు ఆడపడుచు. మొగలు రాజ్యములో పుట్టిన మీర్రా అను బాలికను సముద్రపు దొంగలు ఎత్తుకొనిపోయినారు. కొచ్చిలో జ్ఞానస్నానము పొందినది. మనీలా బజారులో బానిసగా అమ్ముడై, ఓడలో పసిఫిక్ సముద్రము దాటి, 1620 ప్రాంతములో పుయెబ్లా చేరినది. ఒక కుటుంబమువారు కొనుక్కొన్నారు. యజమాని మరణము తరువాత పెండ్లి చేసినారు కాని ఆమె మనస్సు ప్రార్థన మీదనే. చదువు రాదు, స్పానిషు సరిగ రాదు. అయినను ఊరివారు ఆమెను పుణ్యాత్మురాలని నమ్మి ప్రార్థనల కొరకు ఆమె వద్దకు వచ్చెడివారు. 1688 జనవరి 5న చనిపోయినప్పుడు జనము విరగబడినారట. ఆమె పాపసంకీర్తన విన్న గురువు ఆమె జీవితచరిత్రను మూడు సంపుటములుగా వ్రాసినాడు. దానిని మతవిచారణ సభవారు 1692లో స్పెయినులోను, 1696లో మెక్సికోలోను నిషేధించినారు. ఒక బానిస స్త్రీకి అన్ని దర్శనములు, అంత మహిమ ఆపాదించుట వారికి నచ్చలేదు.

ఆమెను ఆ ఊరివారు "చీనా" అని పిలిచినారు. ఆసియా నుండి వచ్చినవారందరు వారికి చీనావారే. ఇప్పుడు పుయెబ్లాలో చీనా పొబ్లానా అను పేరుతో ఒక స్త్రీల వేషము ప్రసిద్ధి, తళుకుల పావడా, కుట్టుపని రవికె. అది కతరీనాగారి దుస్తులే అని చాలమంది చెప్పుదురు. కాని చరిత్ర తెలిసినవారు ఒప్పుకొనరు. ఆ వేషము 19వ శతాబ్దపుది. ఆమె కట్టినది నల్లని ముతక బట్ట. పండుగ వేషములో ఆమె పేరు నిలిచినది, ఆమె మాత్రము అందులో లేదు. మనము ఆమె పేరున ఒక పూజ చెప్పించవలెనని అప్పుడు అనుకొన్నాము. తిరిగి వచ్చిన తరువాత మన గుడిలో చెప్పించినాము.

నాలుగవ దినము అల్లుడు కారు తీసినాడు. ఈ దినమును గురించి చెప్పుటకే అసలు మేము ఇక్కడ నిలిచినాము.

పుయెబ్లా దారిలోనే వెహోత్సింగో. ఆపిలు పండ్ల ఊరు. సంత బజారు వెనుక మెట్లెక్కిన, కోట వంటి గుడి. గోడల పైన బురుజుపండ్లు. గుడి ముందు ప్రాంగణము మన ఊరి ఫుట్‌బాల్ మైదానమంత ఉన్నది. మధ్య రాతి సిలువ. నాలుగు మూలల నాలుగు చిన్న రాతి మందిరములు, వాటి మీద శ్రమల పనిముట్లు పట్టుకొన్న దేవదూతలు. దివ్యసత్ప్రసాద ప్రదక్షిణము సాగునప్పుడు ఒక్కొక్క మూల కొంతసేపు ఆగుటకు ఆ మందిరములు. ఇంత పెద్ద ప్రాంగణము ఎందుకని మనుమరాలు, అనగా మా అల్లుడి అక్క కూతురు, అడిగినది. జనము నిండెడిది గనుక. ఆ జనము ఏమైనదనిన, 1545లో, మరల 1576లో వచ్చిన పెద్ద తెగుళ్ళలో రాలిపోయినారు. వారి శరీరములకు స్పెయిను నుండి వచ్చిన వ్యాధులను తట్టుకొను శక్తి లేదు. ఆ శతాబ్దపు చివరకు మధ్య మెక్సికోలో మిగిలినవారు కొద్దిమందే. గుళ్ళు మాత్రము పూర్తి అయినవి. పూర్తి అగునాటికి ప్రాంగణము నిండుటకు మనుష్యులు లేరు.

లోపలి బలిపీఠము వెనుక బంగారు పూతతో నిలువెత్తున చిత్రములు, స్వరూపములు. 1586లో సిమోన్ పెరేన్స్ అను ఫ్లాండర్సు చిత్రకారుడు వేసిన పటములు అందులో ఉన్నవి. ఆయన నోరు జారి ఏదో అన్నాడని 1568లో విచారణ జరిపి, శిక్షగా స్వంత ఖర్చుతో మరియమాత పటము వేయమన్నారట. మంచి శిక్ష.

మఠము లోపలి ఒక గదిలో గోడ మీద, మొదట చెప్పిన పన్నెండుమంది మఠవాసులు సిలువకు రెండు ప్రక్కల మోకరించి ఉన్నారు. ఒక్కొక్కరి పేరు కూడ వ్రాసి ఉన్నది. అది చాల మంచి సంగతి. పిమ్మట మేము బయటకు వచ్చి రాయి మోసినవారి పేర్లు ఎక్కడనైన ఉన్నవేమోనని ప్రాంగణమంతా చూచినాము. ఎక్కడను కనబడలేదు.

కాని ఆ ఊరివారు పూర్తిగా నోరులేనివారు కారు. 1560 జూలై 30న వెహోత్సింగో పంచాయతి పెద్దలు స్పెయిను రాజగు రెండవ ఫిలిప్పునకు తమ నావాత్ల్ భాషలో ఒక ఉత్తరము వ్రాసినారు. తమ బాస తమకు వ్రాత నేర్పిన మఠవాసుల అక్షరములలో వ్రాసి, సంతకములు చేసి పంపినారు. అది నేటికిని ఉన్నది. మేము స్పెయినువారితో యుద్ధము చేయలేదు, ఆహారము పెట్టినాము, గాయపడినవారిని మోసినాము, విశ్వాసమును ఎవరి బలవంతము లేక అంగీకరించినాము, దేవాలయములు కట్టినాము, ఇప్పుడు మా మీద ఇంత పన్ను వేసినారు, ఇట్లయిన కొద్ది సంవత్సరములలో మా ఊరు నాశనమగును అని దాని సారాంశము. కొత్త పన్ను 14,800 పెసోలు, దానికి తోడు మొక్కజొన్న. మా దారిద్ర్యము చూడుమని ఆ పెద్దలు అంత దూరమునున్న రాజును బతిమాలినారు. అల్లుడు అది ఫోనులో చదివి తెలుగులో చెప్పుచుండగా మేము ఆ రాతి సిలువ మెట్ల మీద కూర్చుండి విన్నాము. మాకు కండ్లు తడిసినవి. మనలో రెవెన్యూ కచ్చేరీలకు అర్జీలు మోసిన పెద్దలను చూచినవారికి ఆ ఉత్తరపు తీరు తెలియును.

ఇంకొక మాట. రాజధానిలో త్లతెలోల్కో అనుచోట 1536లో స్థానిక బాలురకు కళాశాల తెరచినారు. వారు లతీను నేర్చి గురువులకే పాఠము చెప్పునంతవారైనారు. అక్కడ చదివిన హువాన్ బదియానో 1552లో మందుమొక్కల గ్రంథమొకటి లతీనులోనికి మార్చినాడు. ఇట్టివారు గురువులగుదురని కొందరు మఠవాసులు ఆశపడినారు. 1555లో జరిగిన మొదటి మెక్సికో మహాసభ స్థానికులకు గురుపట్టమీయరాదని తీర్మానించినది. ఆ నిషేధము తరువాత సడలినను, చాలకాలము వరకు వారిలో గురువులైనవారు అరుదు. కట్టుటకు పనికివచ్చిన చేతులు పాత్రను ఎత్తుటకు పనికిరాలేదు. మన సంఘము చేసినదే ఇది. వేరెవరో చేసినది కాదు. దీనిని శతాబ్ది సంచికలో చెప్పవచ్చునా అని మేము మా విచారణ గురువుగారిని ముందుగనే అడిగినాము. చెప్పవలెను అన్నారు.

అక్కడి నుండి చొలూలా. 365 గుళ్ళున్నవని ప్రతీతి, లెక్కపెట్టిన అన్ని లేవు. ఊరి మధ్య గడ్డి మొలచిన కొండ, కొండ మీద పసుపు రంగు గుడి. దగ్గరకు పోయిన గాని తెలియదు, అది కొండ కాదు. మట్టి ఇటుకలతో మనుష్యులు కట్టినది. పరిమాణములో ప్రపంచమునందలి పిరమిడులన్నిటిలో పెద్దది. అడుగు ఒక్కొక్క ప్రక్క 400 మీటర్లు. 1931 నుండి పరిశోధకులు దాని లోపల త్రవ్విన సొరంగములు 8 కిలోమీటర్లు. స్పెయినువారు వచ్చునాటికే అది పాడుపడి చెట్లు మొలచి ఉన్నది. పైన వానదేవతకు ఒక చిన్న గుడి ఉండెడిది. దాని చోట 16వ శతాబ్దములో రెమెదియోసు మాత దేవాలయము కట్టినారు. రెమెదియోసు అనగా స్వస్థతలు, ఉపశమనములు. మన వేళాంగణి ఆరోగ్యమాత వలెనే ఆమెకు కూడ సెప్టెంబరు 8న పండుగ.

ఆ ఊరిలోనే 1519 అక్టోబరులో కోర్తేసు పెద్దలను ఒక ఆవరణములోనికి పిలిపించి, తలుపులు మూయించి చంపించినాడు. రెండు గంటలలో 3,000 మందికి పైగా చచ్చిరని తానే తన రాజునకు వ్రాసికొన్నాడు. కుట్ర పన్నినారు గనుక చంపితినని అతని మాట.

మెట్లు ఎక్కుచుండగా ఈ కథ అల్లుడు చెప్పినాడు. పైకి చేరునప్పటికి మాలో ఒకరికి మనస్సు విరిగినది. లోపలికి రానని బయట పిట్టగోడ మీద కూర్చుండిపోయినారు. రెండవవారము లోపలికి వెళ్ళి జపమాల చెప్పుకొన్నాము. ఇంటికి వచ్చిన తరువాత కూడ ఈ విషయమై మా ఇద్దరికి వాదన తీరలేదు. ఇట్టి చోట ప్రార్థన ఎట్లు చేసితివని ఒకరు. ఇట్టి చోటనే చేయవలెనని ఒకరు. మేము పెద్దావిడను అడిగినాము, నీకు కోపము రాదా అని. ఆమె చాలసేపు ఆలోచించినది. తన తల్లి వివాహము ఆ గుడిలోనే జరిగినదట. తల్లి చచ్చిపోయిన తరువాత ప్రతి సంవత్సరము ఆమె పువ్వులు తెచ్చి పెట్టును. కోపము క్రిందనున్న ఊరిలో వచ్చును, పైకి వచ్చిన తరువాత తల్లి జ్ఞాపకము వచ్చును అన్నది. 2017 సెప్టెంబరు 19 భూకంపములో ఆ గుడి గోపురములు దెబ్బతిన్నప్పుడు ఆ ప్రాంతములో ఎన్నో గుళ్ళు కూలినవి. తన ఇంటి గోడ పడిన సంగతి కంటె ముందు ఈ గుడి సంగతి విచారించితినని ఆమె చెప్పినది.

ప్రొద్దు వాలుచుండగా తొనాంత్సింత్లా అను పల్లెకు పోయినాము. ఊరు చిన్నది, గుడి చిన్నది, బయట ఎర్ర ఇటుక, రంగు పెంకులు. తొనాంత్సిన్ అనగా వారి భాషలో మన పూజ్య తల్లి. తమ పూర్వపు తల్లి దేవతను పిలిచిన పేరునే వారు మరియమాతకు ఇచ్చినారు. లోపల అడుగు పెట్టగానే మేము మాట మరచినాము. గోడలు, స్తంభములు, గుమ్మటము అంతట సున్నపు బొమ్మలు, ఎరుపు, పచ్చ, బంగారు. వందలకొలది దేవదూతలు. ఆ దేవదూతల ముఖములు స్పెయినువారివి కావు. గోధుమరంగు గుండ్రని ముఖములు, తలల మీద ఈకల కిరీటములు. చుట్టు మొక్కజొన్న కంకులు, మిరప, పండ్లు. ఆ పల్లెవారు తరతరములుగ చేసికొన్న పని అది. చేసినవారి పేర్లు తెలియవు. కాని పేర్లు వ్రాసికొనలేనివారు తమ ముఖములు వ్రాసికొన్నారు. బయట ప్రాంగణములో నిలిచిన తాతల మనుమలు గుమ్మటములోనికి ఎక్కి కూర్చున్నారు.

ఆ ప్రాంతపు పల్లెలలో గుడి తాళములు ఊరివారి వద్దనే ఉండును. సంవత్సరమునకొక కుటుంబము ఆ బాధ్యత తీసికొని, పండుగ ఖర్చు, పువ్వులు, దీపములు చూచుకొనును. అప్పు చేసియైనను చూచుకొందురు. ఫోటోలు తీయరాదని మమ్ములను ఆపినవాడు గురువు కాదు, చేతిలో తాళముల గుత్తితో ఉన్న ఒక రైతు.

ఇప్పుడు క్వెర్నవాకాలో మాకు జ్ఞాపకము వచ్చిన సంగతి. మా తాతగారు ఒక పల్లెలో ఉపదేశి. గుడిలో ఏ వాడవారు ఎక్కడ కూర్చుండవలెనో ఆ దినములలో హద్దు ఉండెడిది. ఆయన సత్యోపదేశము నేర్పి గురువు ముందుకు తీసికొనిపోయిన కుటుంబములు కొన్ని వరండాలో కూర్చుండి పూజలో పాల్గొనెడివి. ఆయన కూడ వారితో పాటు వరండాలోనే కూర్చుండెడివాడని మా అమ్మ చెప్పెడిది. లోపలికి రమ్మన్నను పోలేదట. ఆ హద్దు ఎప్పుడు పోయినదో ఎవరికి సరిగ గుర్తు లేదు. ఆ గుడిలో నేడు చలువరాతి పలక మీద గురువులందరి పేర్లు, సంవత్సరములు ఉన్నవి. ఉండవలసినవే. ఉపదేశుల పేర్లు లేవు. రాళ్ళు మోసినవారివి, సున్నము రుబ్బినవారివి లేవు.

శతాబ్ది కొరకు మేము ఆ పేర్లు ప్రోగుచేయుచున్నాము. ముసలివారిని అడిగి, జ్ఞానస్నాన పుస్తకములు తిరుగవేసి ఇంతవరకు తొమ్మిది సంపాదించినాము. ఆరుగురు ఉపదేశులు, ఒక తాపీమేస్త్రి, ఇద్దరు స్త్రీలు. గానుగ సున్నము రుబ్బిన ఆ ఇద్దరిలో ఒకామె పేరు రాహేలమ్మ. రెండవ ఆమెను అందరు మేస్త్రి పెద్దకోడలు అనియే చెప్పుచున్నారు, అసలు పేరు చెప్పగలవారు దొరకలేదు. పలకలో క్రింద రెండు జానల చోటు ఖాళీ ఉన్నది, మేము కొలిచి చూచినాము. పాత విచారణల పెద్దలు ఎవరికైన ఆమె పేరు తెలిసిన, భోజనముల వేళ మేము బావి ప్రక్క పందిరి క్రింద ఉందుము.